ఉపశమనమే ప్రమాణమగునా?

బాధపడుచున్నవానికి సిద్ధాంతములతో పనిలేదు. రాత్రి నిద్రపట్టనీయని మోకాలినొప్పి ఒక్క గడియ తగ్గినను చాలునని అతడు కోరును. తగ్గించినవాడు దైవసమానుడుగా తోచును. ఇందు తప్పేమియు లేదు. కాని నొప్పి తగ్గిన మరుక్షణమున మనుష్యుడు తనకు తెలియకుండగనే మరియొక పని చేయును. చికిత్సను స్వీకరించినట్లే, చికిత్సకుడు చెప్పిన కారణమును గూడ స్వీకరించును. ఈయన చెప్పినట్లే జరిగినది గనుక ఈయన చెప్పినదెల్లయు నిజమేయని నిశ్చయించుకొనును. మొదటి స్వీకారము అవసరమువలన కలిగినది, రెండవది నిర్ణయము. ఈ రెంటికిని గల భేదమును గుర్తింపకపోవుటచే గృహస్థులు ధనమును, కొన్నియెడల ప్రాణమును గూడ కోల్పోవుచున్నారు.

కావున విచారింపవలసిన ప్రశ్న ఇది. ఉపశమనము కలిగినంత మాత్రమున, ఆ చికిత్సకు ఆధారముగా చెప్పబడిన సిద్ధాంతము సత్యమగునా? కాదన్నచో, ఆ సంగతి తెలిసిన వైద్యుడు దానిని రోగికి చెప్పవలయునా, మౌనము వహింపవలయునా? ఈ విచారణకు చీనాదేశపు సూదుల వైద్యము, అనగా ఆక్యుపంక్చర్, మిక్కిలి తగిన ఉదాహరణము. అది ప్రాచీనమైనది, నేడు లోకమంతట వ్యాపించినది, అంతేగాక ఇటీవలి కాలమున వేలకొలది రోగులపై పరీక్షింపబడినది.

చీనా వైద్యమునకు మూలగ్రంథముగా ఎన్నబడునది 'హువాంగ్ దీ నైజింగ్'. పీతచక్రవర్తి పేర వెలసిన ఈ గ్రంథము క్రీస్తుపూర్వము చివరి రెండు శతాబ్దములలో రూపొందినదని పండితులు తలంతురు. చక్రవర్తి ప్రశ్నించుట, వైద్యుడు సమాధానమిచ్చుట అను సంవాదరూపమున నడచుటచే, పురాణశ్రవణము అలవడినవారికి ఆ పద్ధతి కొత్తగా తోచదు. దాని సారమిది. శరీరమునందు 'చి' అను ప్రాణశక్తి కొన్ని మార్గములలో ప్రవహించును. ప్రధానమార్గములు పండ్రెండు. ఛాయను, శైత్యమును సూచించు 'యిన్', ప్రకాశమును, ఉష్ణమును సూచించు 'యాంగ్' అను రెండు తత్త్వములు సమముగా ఉన్నప్పుడు ఆరోగ్యము. ప్రవాహము అడ్డుపడినప్పుడు వ్యాధి. ఆ మార్గములపై గల బిందువులందు సన్నని సూదులు గ్రుచ్చి ప్రవాహమును చక్కదిద్దవచ్చును. నేడు ప్రామాణికముగా లెక్కింపబడు బిందువులు 361.

సూదులకు తోడు మరికొన్ని ఉపచారములును కలవు. వినాయకచవితి పత్రిలో చేరిన మాచిపత్రి జాతి ఆకును ఎండబెట్టి, నలిపి, వెలిగించి, దాని సెగను ఆయా బిందువులకు చూపుట ఒకటి. పాత్రలోని గాలిని వేడిచేసి చర్మముపై బోర్లించి రక్తమును పైకి లాగుట మరియొకటి. సుశ్రుతుడు చెప్పిన కొమ్ము, సొరబుర్రల ప్రయోగములను ఈ రెండవది స్మరింపజేయును.

ఇట్టి పోలికలు చూచి, ఇదంతయు భారతదేశమునుండియే పోయినదని ఉత్సాహముతో పలుకువారు కలరు. సుశ్రుతుడు 107 మర్మస్థానములను లెక్కించెను గనుక చీనా బిందువులును అవియేయని వారి వాదము. కాని సుశ్రుతుని మర్మములు గాయపడినచో ప్రాణాపాయము, వైకల్యము కలుగు స్థానములు. శస్త్రము తగులకుండ కాపాడుకొనవలసినవి. చీనా బిందువులు కోరి సూది గ్రుచ్చవలసినవి. పోలిక కనిపించినంతనే సంబంధమును కల్పించుట దేశభక్తి కాదు. పరుల విద్యను పరులదిగా ఒప్పుకొనుటయు సత్యవ్రతములో ఒక భాగమే.

ఆ విద్య చీనాలోనైనను ఆదినుండి ఒకే రూపమున ఉన్నది కాదు. 1973లో చాంగ్‌షా నగర సమీపమున మావాంగ్‌డుయ్ అనుచోట, క్రీస్తుపూర్వము 168లో మూయబడిన సమాధినుండి, పట్టువస్త్రములపై వ్రాసిన వైద్యగ్రంథములు వెలికివచ్చినవి. వానియందు మార్గములు పదునొకండే. ఆ మార్గములపై సెగ చూపుట కలదు గాని సూది గ్రుచ్చుట లేదు. క్రీ.శ. 1027లో సాంగ్ వంశపు చక్రవర్తి ఆస్థానమున వాంగ్ వేయీ అను వైద్యుడు బిందువులన్నియు గుర్తించిన కంచు మానవవిగ్రహములను పోతపోయించెను. విగ్రహముపై మైనము పూసి, లోపల ద్రవము నింపి, శిష్యులను పరీక్షించెడివారని చెప్పుదురు. సూది సరియైన చోట దిగినచో ద్రవము వెలికివచ్చును. అంతటి గౌరవమందిన ఆ విద్యనే 1822లో దావోగువాంగ్ చక్రవర్తి తన ఆస్థాన వైద్యశాలనుండి తొలగించెను. 1929లో దేశీయవైద్యమునే మాన్పింపవలయునను ప్రతిపాదన వచ్చి, వైద్యుల ఆందోళనవలన నిలిచిపోయినది. 1950 తరువాత నూతన ప్రభుత్వము దానిని మరల ఆదరించినది. 2010లో యునెస్కో సంస్థ దీనిని మానవజాతి సాంస్కృతిక వారసత్వముల పట్టికలో చేర్చినది. రాజులు ఆదరించుటచే సిద్ధాంతము సత్యము కాదు. వారు వెలివేయుటచే అసత్యమును కాదు. కావున మరియొక ప్రమాణమును వెదుకవలయును.

పాశ్చాత్యదేశములలో ఈ వైద్యమునకు ఖ్యాతి వచ్చిన తీరు గమనింపదగినది. 1971 జూలైలో జేమ్స్ రెస్టన్ అను అమెరికా పత్రికారచయిత పెకింగులో ఉండగా అతనికి అపెండిక్సు వాచి శస్త్రచికిత్స జరిగినది. శస్త్రచికిత్సకు ముందు మామూలు మత్తుసూదులే ఇచ్చిరి. తరువాత ఒక రాత్రి కడుపు ఉబ్బి బాధ కలుగగా, మోచేతియందును మోకాళ్ళ దిగువను సన్నని సూదులు గ్రుచ్చి, మూలిక సెగ చూపిరి. బాధ తగ్గినది. అతడు జరిగినది జరిగినట్లు తన పత్రికలో వ్రాసెను. కాని ఆ వార్త నోటినుండి నోటికి పోవుకొలది, మత్తులేకుండ సూదులతోనే కడుపు కోసిరను కథగా మారినది. చిన్న ఉపశమనము పెద్ద మహిమగా పెరుగుటకు నెలలు పట్టలేదు. కల్పించినవాడు ఎవడో ఒకడు లేడు. వినగోరిన వారందరును తలకొక పిడికెడు కలిపిరి.

మన దేశమునకు ఈ విద్య వచ్చిన దారి వేరు. 1938లో యుద్ధపీడితులైన చీనా ప్రజలకు సేవచేయుటకై భారతదేశమునుండి ఐదుగురు వైద్యులు వెళ్ళిరి. వారిలో షోలాపూరునకు చెందిన ద్వారకానాథ్ కోట్నీస్ 1942లో అచటనే అసువులు బాసెను. ఆయన సహచరుడైన బిజయకుమార్ బసు మరల చీనా వెళ్ళి ఈ విద్య నేర్చి, 1959 ప్రాంతమున కలకత్తాలో దీనికి నాంది పలికెను. పరదేశపు రోగికి సేవచేయబోయిన వారి చేతులమీదుగా ఇది వచ్చినది. వచ్చిన దారి పవిత్రమైనదే. అయినను దారి పవిత్రమగుటచే వచ్చిన మాట పరీక్షకు అతీతము కాదు.

వేదాంతులలో కొందరు ప్రత్యక్షము, అనుమానము, శబ్దము అని మూడు ప్రమాణములను అంగీకరింతురు. ఇంద్రియములకు, తర్కమునకు అందని విషయములందు శాస్త్రమే శరణ్యము. సూది గ్రుచ్చినచో నొప్పి తగ్గునా అనునది అట్టి విషయము కాదు. అది చూచి తెలిసికొనదగినది. కావున ఇచట ప్రాచీనగ్రంథము, అది చీనాదైనను మనదైనను, తుదిమాట చెప్పజాలదు. చూచి తెలిసికొనుటకు గల మార్గమును మన తార్కికులే నేర్పిరి. కాకి వ్రాలుట, తాటిపండు రాలుట ఏకకాలమున జరిగినంతనే కాకివలన పండు రాలినదనరాదు. నొప్పులు పెక్కు తమంతట తామే హెచ్చి తగ్గునవి. రోగి వైద్యునికొరకు పరుగెత్తునది నొప్పి పరాకాష్ఠనందినప్పుడే. ఆపైన ఏమి చేసినను, ఏమియు చేయకున్నను, కొంత తగ్గుట సహజము. అందుచే అన్వయమొక్కటి చాలదు; వ్యతిరేకమును చూపవలయును. అది ఉన్నప్పుడు ఫలము కలుగుటయే గాక, లేనప్పుడు కలుగకపోవుటయు తేలవలయును.

వ్యతిరేకమును చూపినను మరియొక చిక్కు మిగులును. దానిని తార్కికులు అన్యథాసిద్ధమందురు. కుండకు మట్టి, కుమ్మరి, చక్రము, కర్ర కారణములు. మట్టిని మోసికొని వచ్చిన గాడిదయు కుండ పుట్టకముందు అచటనే ఉన్నది. అయినను అది కారణము కాదు. గాడిద లేకున్నను మట్టి వేరొక విధమున వచ్చియుండెడిది. చికిత్సయందును ఇట్లే విభజించి చూడవలయును. సూదుల వైద్యమున వైద్యుని సన్నిధి కలదు, మంచి మాట కలదు, పడుకొని విశ్రమించుట కలదు, స్పర్శ కలదు, ఆశ కలదు, సూది కలదు, సూది దిగిన నిర్ణీతబిందువు కలదు. వీనిలో ఏది కుమ్మరి? ఏది గాడిద?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకై జర్మనీలో గొప్ప పరీక్ష జరిగినది. దాని ఫలితములు 2007లో వెలువడినవి. దీర్ఘకాలముగా నడుమునొప్పితో బాధపడుచున్న 1,162 మందిని మూడు వర్గములుగా విభజించిరి. ఒక వర్గమునకు శాస్త్రోక్తమైన బిందువులందు సూదులు గ్రుచ్చిరి. రెండవ వర్గమునకు బిందువులు కాని చోట్ల పైపైన గ్రుచ్చిరి. మూడవ వర్గమునకు మందులు, వ్యాయామము మొదలగు వాడుక చికిత్స చేసిరి. ఆరునెలల తరువాత చూడగా గుణము కనిపించినవారు మొదటి వర్గమున నూటికి 47.6, రెండవదానియందు 44.2, మూడవదానియందు 27.4. అనగా సూదులు వేయించుకొన్నవారికి ఎక్కువ మేలు కలిగినది. కాని సూది ఎచట దిగినదను దానివలన కలిగిన భేదము మిక్కిలి స్వల్పము. 2012లో పెక్కు పరీక్షలను, సుమారు 18,000 మంది రోగుల వివరములను ఒకచోట చేర్చి చూచినప్పుడు, శాస్త్రోక్తమైన సూదికి ఉత్తుత్తి సూదికంటె కొంచెము ఆధిక్యము కనబడినది. ఆ ఆధిక్యము కొంచెమే. అసలు సూదులే వేయనివారికంటె సూదులు వేసినవారికి కలిగిన మేలు అంతకంటె పెద్దది.

దీనివలన రెండు పక్షములవారును కొంత వెనుకకు తగ్గవలసియున్నది. ఇది వట్టి మోసమనువారు, నొప్పి తగ్గినదని చెప్పు రోగి మాటను త్రోసివేయరాదు. నొప్పియనునది అనుభవించువానికే తెలియునది. అతడు తగ్గినదనిన తగ్గినదే. ఇక ఇది పండ్రెండు మార్గములను, 361 బిందువులను రుజువు చేసినదనువారు, తప్పుచోట గ్రుచ్చిన సూదియు దాదాపు అంతే మేలు చేసినదను సంగతిని త్రోసివేయరాదు. ఉపశమనము నిజము. ఉపశమనమునకు చెప్పిన కారణము మాత్రము రుజువు కాలేదు.

ఇచట పూర్వపక్షి ఇట్లనును: "ఫలము కలిగిన తరువాత కారణముతో పనియేమి? మామిడిపండు తినువాడు వేళ్ళను లెక్కించునా?" మాట ఇంపుగా ఉన్నది. కాని సిద్ధాంతము నొప్పితో ఆగదు. నడుమునొప్పి తగ్గించినది గనుక మార్గముల మాట నిజమని నమ్మినవాడు, రేపు రొమ్ములో గడ్డ కనబడినప్పుడును, బిడ్డకు జ్వరము విడువనప్పుడును ఆ మార్గములనే ఆశ్రయించును. నొప్పి తగ్గించు విద్యకు క్రిమిని చంపు శక్తియుండవలెనను నియమము లేదు. గడ్డను కరిగించు శక్తియు ఉండవలెనను నియమము లేదు. ఈ లోపల గడచిన నెలలు తిరిగిరావు. ఒకచోట సంపాదించిన నమ్మకమును వేరొకచోట ఖర్చుపెట్టుటచే కలుగు నష్టమిది.

ప్రాచీనము గనుక, ప్రకృతిసిద్ధము గనుక హాని లేదను మాటయు అట్టిదే. 1990ల తొలి సంవత్సరములలో బెల్జియమునందు బరువు తగ్గుటకై చీనామూలికలు చేర్చిన గుళికలు వాడిన స్త్రీలలో నూరుమందికి పైగా మూత్రపిండములు చెడిపోయినవి. ఒక మూలికకు బదులు దానితో పేరు కలిసిన వేరొక మూలిక చేరినది. అందలి అరిస్టోలోకిక్ ఆమ్లము మూత్రపిండములకు విషము, పుట్టకురుపునకును హేతువు. మన ఈశ్వరివేరును ఆ జాతిదే గనుక ఈ హెచ్చరిక చీనావారికి మాత్రమే పరిమితము కాదు. సూదియు, అనుభవము లేని చేతిలో రొమ్ముభాగమున లోతుగా దిగినచో, ఊపిరితిత్తిని గ్రుచ్చిన సందర్భములు కలవు.

ఇక రెండవ ప్రశ్న మొదటిదానికంటె కఠినమైనది. ఉపశమనములో అధికభాగము నమ్మకమువలనను, ఆదరమువలనను కలుగుచున్నదని వైద్యునికి తెలిసినదనుకొందము. ఆ మాట చెప్పినచో రోగి నమ్మకము సడలి నొప్పి తిరిగివచ్చునేమో! చెప్పనిచో అది అసత్యమును పోషించుట యగును. కరుణయు సత్యమును ఎదురెదురుగ నిలిచినట్లు తోచు చోటిది. ప్రియమైనను అసత్యమును పలుకరాదని ధర్మశాస్త్రముల నిషేధము. బాధపెట్టు సత్యమును పలుకరాదనియు వాని ఆదేశము. అయినను ఈ రోగి మంచముకడ నిలిచిన వైద్యుడు ఏమి చేయవలయును?

హార్వర్డు విద్వాంసులు జరిపిన రెండు పరీక్షలు ఈ చిక్కును కొంత విడదీసినవి. 2008లో వెలువడిన మొదటిదానియందు, తరచు కడుపునొప్పితోను విరేచనముల చిక్కుతోను బాధపడు 262 మందిని పరీక్షించిరి. చర్మమును గ్రుచ్చకుండ వెనుకకు ముడుచుకొను బూటకపు సూదులు వాడిరి. ఏమియు చేయక వేచియుండుమన్న వారిలో నూటికి 28 మందికి తగినంత ఉపశమనము కలిగినది. ముభావముగా సూదులు పెట్టించుకొన్నవారిలో 44 మందికి కలిగినది. అవే సూదులతోపాటు వైద్యుడు కూర్చుండి, బాధను విని, ఓదార్పుమాటలు పలికినవారిలో 62 మందికి కలిగినది. సూది మారలేదు, మనిషి మారెను. 2010 నాటి రెండవ పరీక్షలో 80 మందిని తీసికొని, సగముమందికి గుళికలిచ్చి, "వీనియందు మందు ఏమియు లేదు" అని దాపరికము లేక చెప్పిరి. అయినను గుళికలు తీసికొన్నవారిలో నూటికి 59 మందికి ఉపశమనము కలిగినది. తీసికొననివారిలో 35 మందికి. పరీక్ష చిన్నదే. అయినను సత్యము చెప్పినంతనే మేలు నశింపవలెనను నియమము లేదని అది చూపినది. అబద్ధము లేనిదే ఆదరణ పనిచేయదను భయము తొందరపాటు భయము.

చరకుడు ఈ సంగతిని వేరొక మార్గమున స్పృశించెను. చరకసంహిత సూత్రస్థానమున మైత్రేయుడు ఒక ఆక్షేపము తెచ్చును. చికిత్స పొందియు కొందరు మరణించుచున్నారు. పొందకయు కొందరు కోలుకొనుచున్నారు. అట్లయిన చికిత్సవలన ప్రయోజనమేమి? నేటి పరీక్షకులు అడుగునదియు ఇదియే. ఆత్రేయుడు కోపింపలేదు, గురుదూషణమని త్రోసివేయలేదు, దృష్టాంతముతో సమాధానమిచ్చెను. క్రిందపడినవాడు తనంతట తాను లేవగలవాడే కావచ్చును. అయినను మరియొకడు చేయూతనిచ్చినచో శీఘ్రముగను క్లేశము లేకయు లేచును. ఆ గ్రంథమే వైద్యునితోపాటు ఔషధమును, పరిచారకుని, రోగిని చికిత్సకు నాలుగు పాదములుగా చెప్పినది. ఔషధము ఒక పాదము మాత్రమే. చేయూతనిచ్చువాడు "నేను నిన్ను ఎత్తుచున్నాను" అని చెప్పిన చాలును. "నా చేతిలో మంత్రమున్నది" అని చెప్పనక్కరలేదు.

పూర్వులు చెప్పినదానిని ఇట్లు కొలిచి చూచుట అపచారము కాదా అని సందేహించువారికి శ్రీమద్రామాయణము దారి చూపును. లక్ష్మణుడు మూర్ఛిల్లినప్పుడు సుషేణుడు ఓషధికొరకు హనుమంతుని పంపెను. ఓషధిని గుర్తింపజాలక మారుతి గిరిశిఖరమునే పెకలించి తెచ్చెను. అది భక్తుని పని. అంతట సుషేణుడు ఆ కొండయంతయు నూరి పోయలేదు. వలసిన మూలికను ఎంచి తీసి ప్రయోగించెను. అది వైద్యుని పని. సంప్రదాయమును కాపాడి తెచ్చువాడును, అందుండి ఏరువాడును ఇద్దరును కావలయును.

చీనాదేశమున ఈ ఏరుడు పనిని చేసినది తూ యూయూ అను విదుషి. 1967లో ఆరంభమైన చలిజ్వరపు మందుల అన్వేషణలో తరువాత చేరి, ఆమె ప్రాచీనగ్రంథములను గాలించెను. నాలుగవ శతాబ్దికి చెందిన గే హాంగ్ రచనలో, మాచిపత్రికి దాయాదియైన ఒక మొక్కను చల్లని నీట నానవేసి పిండుమని యుండుట ఆమె కంటబడినది. కాచుటచే గుణము నశించునేమోయని ఊహించి, 1971లో తక్కువ వేడిమితో సారము తీయగా అది ఫలించినది. 1972లో రోగులకిచ్చుటకు ముందు ఆమెయు, సహచరులును తామే ఆ మందును సేవించి చూచిరి. ఆర్టెమిసినిన్ అను ఆ ఔషధము లక్షలాది ప్రాణములను నిలిపినది. 2015లో ఆమెకు నోబెల్ బహుమానము లభించినది. గ్రంథము దారి చూపినది; పరీక్ష నిర్ణయించినది. అదే గ్రంథములందలి పెక్కు యోగములు ఆ పరీక్షలో నిలువలేదు. నిలువనివానిని విడిచినందువలన గే హాంగునకు అవమానము కలుగలేదు. నిలిచినదానివలన పదునారువందల ఏండ్ల తరువాత ఆయన పేరు లోకమంతట వినబడినది. మన సంహితలకును ఇదే కొలత వర్తింపవలయును. పరులదానిని తర్కముతోను, మనదానిని అభిమానముతోను తూచుట తూనిక కాదు.

కావున నడుమునొప్పి, మోకాలినొప్పి విడువక బాధించు పెద్దలు సూదుల వైద్యుని ఆశ్రయింపదలచినచో ఆక్షేపింపనక్కరలేదు. విద్య నేర్చినవాడా, ఒకరికి వాడిన సూది మరియొకరికి వాడని నియమము కలవాడా అని ఇంటివారు విచారింపవలయును. వాడుచున్న మందులను తమంతట తాము మానరాదు. కొత్త గడ్డయో, విడువని జ్వరమో, కారణము తెలియని బరువు తగ్గుటయో కనబడినప్పుడు ముందుగా ఆసుపత్రికే పోవలయును. నొప్పి తగ్గినచో సంతోషింపవలయును. ఎందువలన తగ్గినదని ఎవరైన అడిగినప్పుడు మాత్రము, తెలిసినంతయే చెప్పవలయును. పొరుగింటివాడు ఆ మాటను నమ్మి, తన బిడ్డను ఏ వైద్యునికడకు తీసికొనిపోవలెనో నిర్ణయించుకొనబోవుచున్నాడు.